ఒక భుజం దిగిన జాకెట్టు

బల్ల మీద పదకొండు బ్రౌన్ పేపర్లు. అన్నీ జాకెట్టు వీపు ముక్కలే. జ్యోతిర్మయి వాటిని ఒకదాని మీద ఒకటి పేర్చింది. వెంట్రుకవాసి తేడా లేకుండా కలిశాయి. పదకొండింటికీ ఎడమ భుజం వేలెడు కిందికి దిగి ఉంది.

"ఎవరిదీ ఆది?" అంది.

గుంటూరులో జ్యోతిర్మయి పాఠాలు చెప్పే ఫ్యాషన్ డిప్లొమా మొదలై రెండో ఏడు, 2003. పాత జాకెట్టు ఆదిగా పరిచి చుట్టూ గీసుకునే అలవాటు మాన్పించాలని మూడు నెలలుగా ఆమె గొంతు చించుకుంటోంది. కాగితం కోయండి, ముక్కలు జరపండి, కొత్త ఆకారం తెప్పించండి అంటుంది. పిల్లలు తలలూపుతారు, మళ్ళీ ఆదే పరుస్తారు. రేపు పరీక్ష చెయ్యడానికి బయటినుంచి మేడం వస్తోంది. సొంతంగా గీసిన ప్యాటర్న్ లేకపోతే ఫెయిలే. సర్టిఫికెట్ లేనిదే ఏ బట్టల ఫ్యాక్టరీ గేటు దాటనివ్వదు.

"స్తుతిదండీ," అంది వెనకబెంచీ అఖిల. "దానిది బాగా కుదిరిందని..."

"కుదిరిందంట. భుజం వంకర కనపడలేదా తల్లీ?"

రోజూ ప్రత్తిపాడు నుంచి బస్సులో వచ్చే స్తుతి లేచి నిలబడింది. "మా అమ్మ జాకెట్టండి. పత్తి తీతకెళ్తూ ట్రాక్టరు మీంచి పడింది. అప్పట్నుంచి ఆ భుజం కిందికే. ఏ టైలరు కుట్టినా చంకలో పట్టేసేది. నేనే కాగితం కోసి, ముక్కలు జరిపి చూసుకున్నా. ఐదోసారికి కుదిరింది."

జ్యోతిర్మయి కుర్చీలో కూలబడింది. "మరి క్లాసులో అడిగితే రాదన్నావేం?"

"ఇంట్లో నేను చేసిందే మీరడిగేదని తెలీదండి. మీరు ఊహించి గీయమన్నారు."

"నువ్వు ఇదే పెట్టు. మిగతా పదిమందీ అవి చించేసి మళ్ళీ మొదలెట్టండి."

మర్నాడు పరీక్షకొచ్చిన మేడం స్తుతి కాగితాన్ని నిలువునా మడిచింది. రెండు సగాలూ కలవలేదు. ఎర్రపెన్నుతో అడ్డంగా గీత కొట్టింది.

"ఆ మనిషి భుజమే అంతండీ," అంది జ్యోతిర్మయి.

"ఏ మనిషండీ? కొలతకి నిలబెట్టే బొమ్మకి తొడిగితే కుదరాలి."

"వాళ్ళమ్మని రేపు పిలిపిస్తాను. తొడిగి చూడండి."

"నాకు ఈ ఒక్కరోజే ఇచ్చారు మేడం."

పుస్తకంలో ప్యాటర్న్ దించుకొచ్చిన పదిమందీ పాసయ్యారు.

వరండాలో స్తుతి అడిగింది. "మళ్ళీ పరీక్ష ఎప్పుడండీ?"

"ఆరు నెలలకి."

"ఈసారి రెండు పక్కలా ఒకటే గీస్తాలెండి."

వద్దనబోయింది జ్యోతిర్మయి. వద్దంటే పిల్ల మళ్ళీ తప్పుతుంది. బస్సు టైమైందని స్తుతి సంచి భుజాన వేసుకుని మెట్లు దిగింది.