నల్ల గుర్రం నాడా

మొదటి సూది పడిన మర్నాడు యాకయ్య నల్ల గుర్రం కస్తూరి మెడ మీద నిమ్మకాయంత వాపు లేచింది. తోలుపట్టా వేయబోతే తల విసిరికొట్టింది. యాకయ్య రెండు రోజులు జట్కా కట్టలేదు.

వరంగల్ స్టేషన్ ముందరి జట్కాల అడ్డాలో సిద్దిరాములు నోరు ఊరుకోలేదు.

"ఏం బావా, మంచిగున్న గుర్రానికి సూది పొడిపిచ్చి రోగం తెచ్చుకుంటివి. నువ్వు సుత ఒకటి పొడిపిచ్చుకోకపోయినవా, జోడు కుదురుతుండె!"

అందరూ నవ్వారు. యాకయ్య బీడీ ముట్టించుకున్నాడు. ఆ అడ్డాలో పశువుల దవాఖానకు గుర్రాన్ని తోలుకపోయింది అతనొక్కడే. ధనుర్వాతం గుర్రాన్ని పట్టినంత తొందరగా ఇంకో పశువును పట్టదని, అది మన్నులో, లద్దిలోనే ఉంటుందని, చిన్న మేకు గుచ్చుకున్నా చాలునని డాక్టరమ్మ భారతి చెప్పింది. చీటీ మీద రెండు గళ్లు గీసి ఒకదాంట్లో టిక్కు పెట్టింది.

"రెండోది పడితేనే పని చేస్తుంది. నెలకు మళ్లీ తీసుకురా."

నెల తిరిగేసరికి పందొమ్మిది వందల ఎనభై రెండు మేడారం జాతర. రైళ్లు జనాన్ని కుమ్మరిస్తున్నాయి. బెల్లం దిమ్మెలు నెత్తిన పెట్టుకుని అందరూ బస్సుల దగ్గరికే. ఆటోలు దిగినప్పటి నుంచి జట్కాకు ఇంత గిరాకీ రెండేళ్లకోసారే. మళ్లీ మెడ వాస్తే జాతరంతా కొట్టంలోనే. యాకయ్య చీటీని జట్కా కప్పులో దోపాడు. జాతర అయినంక చూద్దామనుకున్నాడు.

జాతర అయిన మరుసటి శనివారం కిషన్ రావు దొర పిలిపించాడు. దొర కొత్తిల్లు కట్టాడు. ఏలినాటి శని నడుస్తోందని, శనివారమే పరిహారం చేయాలని ఎవరో చెప్పారు.

"అరేయ్ యాకా, నల్ల గుర్రం నాడా గావాలె, దర్వాజకు కొట్టనీకి. పాత సామాన్లది కాదు. నడుస్తున్న గుర్రం కాలికున్నది. ఇయ్యాల పొద్దుగూకకముందే."

"నాడాలు కొట్టేటాయన ఊర్లె లేడు దొరా. సోమారం వస్తడు."

"సోమారం శనివారమైతదారా? నువ్వే పీకు."

యాకయ్య పటకారుతో కస్తూరి డెక్క కింది ఇనుప లాడం పీకాడు. నాడా వచ్చింది. ఒక మేకు మాత్రం విరిగి డెక్క లోపలి మెత్తని కండలోకి దిగింది. కస్తూరి మూడు కాళ్ల మీద నిలబడి వణికింది. మేకు ముక్క లాగి, తన తండ్రి చేసినట్టే పెండలో పసుపు కలిపి మెత్తి, గుడ్డ కట్టాడు. ఒక సూది పడే ఉంది కదా అనుకున్నాడు. నాడాను దొర కడిగించి, దానికీ పసుపు పెట్టించాడు.

పది రోజులకు కస్తూరి చెవులు నిక్కాయి. తోక కర్రలా లేచింది. నోట్లో పెట్టిన గడ్డి పెట్టినట్టే వేలాడింది. దవడ తెరుచుకోలేదు. బయట ఆటో హారన్ మోగితే ఒళ్లంతా కొయ్యబారింది.

భారతి వచ్చి కంటిమూల నుంచి పొర ముందుకు రావడం చూసింది.

"రెండో సూది?"

యాకయ్య జట్కా కప్పులోంచి చీటీ తీసి చూపించాడు, రెండో గడి ఖాళీ. ఆమె కాలి కట్టు విప్పి, పెండ తుడిచి, గాయం కడిగింది. విరుగుడు మందు తమ దగ్గర లేదంది. హైదరాబాద్ నుంచి తెప్పిస్తానంది. చీకట్లో ఉంచమంది, చప్పుడు కానివ్వొద్దంది. యాకయ్య కొట్టం తలుపుకు గోనెపట్టాలు కట్టి, వాకిట్లో కూర్చుని, దారిన పోయేవాళ్లకు చేతులు జోడించాడు, మెల్లగా పొమ్మని. మూడో నాడు మధ్యాహ్నం, మందు రాకముందే, కస్తూరి నాలుగు కాళ్లూ బిర్రుగా చాపి పడిపోయింది.

ఆ వారంలోనే దొర జీతగాడు యాదగిరి సైకిల్ మీద వచ్చాడు.

"యాకన్నా, తక్కిన మూడు నాడాలు ఎవ్వలకియ్యకుమన్నడు దొర. ఆయన బామ్మర్దులు అడుగుతాన్రట. మొదటిది కొట్టినంక ఇంట్ల అంత మంచే అయితాందట."

యాకయ్య కొట్టం తలుపు గోనెపట్టాలు విప్పి మడతపెడుతున్నాడు.

"దాంతోటే పాతిపెట్టిన."

"తొవ్వితే రావా?"

"దొర తొవ్వుమన్నడా?"

"లే, నేనే అంటాన."

యాకయ్య లేచి నిలబడ్డాడు. యాదగిరి సైకిలెక్కాడు.

సోమవారం పశువుల దవాఖాన ముందు జట్కా గుర్రాలు వరుస కట్టాయి. అందరికంటే ముందు సిద్దిరాములు. అతని గుర్రం బెదిరి వెనక్కి పోతుంటే యాకయ్యే వచ్చి కళ్లెం పట్టి, చెవి వెనక నిమిరాడు. సూది పడింది.

"మెడ వాస్తదా బావా?"

"వాస్తది. రెండు రోజులు కట్టకు. నెలకు మళ్ల తోలుకరా."

"నెలకా?" సిద్దిరాములు వేళ్ల మీద లెక్క చూసుకున్నాడు. "అప్పుడు లగ్గాల గిరాకుంటది బావా. అయినంక చూద్దాం తియ్."

యాకయ్య కళ్లెం వదల్లేదు.