కుడివైపు తిరిగే రెక్కలు

కాలిపోయిన రాగితీగను పటకారుతో లాగి పారేసి, ఫ్యాను మోటారును ఒళ్లో పెట్టుకుని యోబు కొత్త తీగ చుడుతున్నాడు. తాండూరు స్టేషన్ దారిలో, నాపరాయి దుమ్ము పేరుకున్న రేకుల డబ్బా అతని దుకాణం. బక్క మనిషి. బొటనవేళ్లు వార్నిషుతో నల్లబడి, తీగ కోసిన గీతలతో నిండి ఉంటాయి. ఊరంతటికీ గాలి ఇచ్చినవాడికి ఊరు ఇచ్చిన పేరు ఏరోప్లేన్ యోబు. ఊరికది వెక్కిరింత. అతనికి బిరుదు.

గోడ మీద బైబిల్ వాక్యం క్యాలెండర్ పక్కన రెండో ప్రపంచయుద్ధం నాటి బ్రిటిష్ యుద్ధవిమానం స్పిట్‌ఫైర్ బొమ్మ ఉంది. ముక్కున మూడు రెక్కలు, అచ్చం ఫ్యానుకున్నట్టే. మొదట అందుకే మనసు పడ్డాడు. తర్వాత తెలిసింది, ఆ విమానాల దళం ఒకదానికి హైదరాబాద్ పేరుందని. నిజాం డబ్బిచ్చాడట. నిజాం నాగలి పట్టాడా? రైతులు కట్టిన శిస్తు, కూలీలు చేసిన వెట్టి అది. ఆ రెక్కల్లో తన తాత చెమట కూడా ఉందని యోబు నమ్మకం.

ఈ సాయంత్రం నుంచి ధారూర్ జాతర, కొన్ని రోజులు సాగుతుంది. క్రైస్తవ కుటుంబాలన్నీ చెట్ల కింద గుడారాలు వేస్తాయి. అంత జనంలో సొంతవాళ్లు తప్పిపోకుండా ఒక్కో ఇల్లు గడకర్రకు ఒక్కో గుర్తు కడుతుంది. ఒకరిది ఎర్రచీర, ఒకరిది చిరిగిన గొడుగు. ఈసారి యోబు ఇంటి గుర్తు తను రేకుతో చేసిన స్పిట్‌ఫైర్. గుండె బలహీనపడిందని డాక్టరు చెప్పాడు. వచ్చే జాతర మీద అతనికి ఆశ లేదు. ఈసారే అది జనం నెత్తి మీద తిరగాలి.

"ఏం యోబన్నా, ఇయ్యాల ఏ దేశం మీద బాంబులేస్తున్నవ్?" గ్లాసు పెడుతూ చాయ్ కొట్టు నర్సింహులు నవ్వాడు.

"బాంబులేసేటిది వేరేరా. గిది బాంబులేసేటోన్ని ఆపేది."

విమానాన్ని టేబుల్ ఫ్యాను ముందు పెట్టి, వెళ్లి తోక వెనక నిలబడ్డాడు. రెక్కలు గిర్రున తిరిగాయి. యోబు ముఖం మాడిపోయింది.

ఎడమకు తిరుగుతున్నాయి. పైలట్ కూర్చున్న చోటు నుంచి చూస్తే ఈ విమానం రెక్క కుడికి తిరగాలి. ఇన్నేళ్లు ఫ్యానులకు అలవాటుపడిన చేయి, ఇక్కడా ఫ్యాను మెలికే పెట్టింది. తిరగేసి బిగించినా అంతే. మళ్లీ వంచితే రేకు పగులుతుంది. కొత్తవి కోయాల్సిందే.

కూతురు రుచిత సంచులతో వచ్చింది. "నాయినా, రైలు టైమైంది. ఎటు తిరిగితేంది? గా జాతరల ఎవలు జూస్తరు?"

"నడిపినోళ్లు జూస్తరు."

"వాళ్లు సచ్చి ఎన్నేండ్లాయె!"

"ఇరవై ఏండ్ల పోరగాండ్లు బిడ్డా. పొద్దుగాల ఎగిరితే మాపటికి దిగుతరో లేదో ఎరుక లేదు. బర్మా మీద మనోళ్లు గూడ నడిపిండ్రు. గసుంటోళ్ల బండికి రెక్క ఉల్టా పెడ్తనా? మీరు పోండ్రి. నేను బస్సుకొస్త."

పాత ఫ్యాను రెక్క తీసి కత్తెర పట్టాడు. ఊపిరి ఆడనప్పుడల్లా గోడకు ఆనుకున్నాడు. మళ్లీ కోశాడు.

పొద్దు వాలుతుండగా ధారూర్ చేరాడు. గడకర్ర కొసన విమానం బిగించి, నలుగురూ పట్టి నిలబెట్టారు. గాలి వచ్చింది. విమానం ముక్కు గాలివైపు తిప్పుకుంది. యోబు పరుగులాంటి నడకతో తోకవైపు వెళ్లాడు. కుడికి! ఆ బక్క ఛాతీ ఇంత వెడల్పయింది.

"సలాం కొట్టు రాహేలూ," అన్నాడు భార్యతో. "అయ్యో, అందరు జూస్తున్రు," అంటూనే రాహేలమ్మ చేయెత్తింది.

అతను గడకర్రకు ఆనుకుని కూర్చున్నాడు. అవతల పాటలు మొదలయ్యాయి. రాహేలమ్మ అన్నం కలుపుకుని వచ్చి పిలిచింది. మళ్లీ పిలిచింది. కళ్లు తెరిచే ఉన్నాయి, పైకి చూస్తూ.

తాండూరులో మట్టి చేశారు. జాతర ఆగలేదు. చివరిరోజు గుడారం సర్దడానికి రుచిత తిరిగి వచ్చేసరికి, ఎవరో కొత్తామె ఫోనులో అరుస్తోంది: "పరేషాన్ గాకు! ఏరోప్లేన్ కాడికెల్లి ఎడమకు రా, గక్కడ్నే ఉన్న!"

అందులో వెక్కిరింత లేదు.

గుడారం విప్పారు. గడకర్రను మాత్రం రుచిత పీకనివ్వలేదు. ఖాళీ అవుతున్న మైదానంలో, దాని కొసన రేకు విమానం గాలికి ఎదురు నిలబడి, మూడు రెక్కలనూ కుడివైపుకు తిప్పుతూ ఉంది.