జోగులమ్మ కుర్చీ

ఎస్తేరమ్మకు ఏ విషయంలోనైనా ముందు చెడే తోస్తుంది. కూతురు అర్చన నర్సు చదువు పూర్తి చేసిన నాటి నుంచి ఆమె కంటికి కునుకు లేదు. ఉద్యోగమని హైదరాబాదు పోతే పిల్ల ఏ హాస్టల్లోనో జ్వరంతో పడి ఉంటుంది, ఫోన్ ఎత్తదు, ఎక్కిన బస్సు ఎక్కడో బోల్తా పడుతుంది. అదే నాగర్‌కర్నూల్‌లో వర్షమ్మ వాళ్ళ ప్రైవేటు దవాఖానలో పని దొరికితే, పొద్దున పోయిన పిల్ల సాయంత్రానికి కళ్ళ ముందుంటుంది.

ఆ వర్షమ్మే ఈ ఆదివారం తమ ఊరి చర్చికి వస్తున్నదని పాస్టరు యేసుబాబు చెప్పాడు.

చర్చిలో అందరూ జంఖానా మీదే కూర్చుంటారు. ఆడవాళ్ళ వైపు, గోడ పక్కన ఫ్యాను కింద, ఒకే ఒక్క కుర్చీ. అది జోగులమ్మది. బొంబాయిలో ఇటుకలు మోసి మోసి మోకాళ్ళు వంగకుండా అయి తిరిగొచ్చిన ఆ ముసలామె కోసం చర్చి సంఘమే వేసింది.

బయట కారు ఆగిన చప్పుడు వినగానే ఎస్తేరమ్మ గబగబా ఆమె దగ్గరికి పోయింది.

"పెద్దమ్మా, జర లేస్తవా. దవాఖాన మేడమొచ్చింది. ఆమె కింద కూసుంటదా ఏంది?"

"నేనెట్ల కూసుంటనే కింద? మోకాళ్ళు వంగయి గద."

"గోడకు ఆనుకొని కాళ్ళు చాపుకో. ఎవ్వరేమంటరు? జరసేపే."

జోగులమ్మ ఆమె మొహంలోకి ఒకసారి చూసింది. గోడ పట్టుకుని లేచింది. ఎస్తేరమ్మ చంకల కింద చేతులు వేసి దించబోతే, సగంలో జారి ధబ్బున కూలబడింది. ఎస్తేరమ్మ కుర్చీని కొంగుతో తుడిచి, గుమ్మం దాకా ఎదురెళ్ళి వర్షమ్మను తోడ్కొని వచ్చి, అక్కడే ఉన్న కూతురిని చూపిస్తూ, "వందనాలు మేడం, ఇక్కడ కూసోండ్రి. ఈమె మా అర్చన, నర్సు చదివింది" అంది. వర్షమ్మ నవ్వి కూర్చుంది. జోగులమ్మను దించడం ఆమె చూడలేదు.

పాటలైనాయి, పాస్టరు వాక్యం చెప్పడమైంది. ఎస్తేరమ్మ చెవికి ఏదీ ఎక్కలేదు. జోగులమ్మ పాదాలు రొట్టె పళ్లెం పెట్టిన బల్ల వైపు చాచి ఉన్నాయి. దేవుని వైపు కాళ్ళు పెట్టినట్టయిందని ఆమె ఊరికూరికే వంగి, చీర అంచు లాగి అరికాళ్ళు కప్పుకుంటోంది.

ప్రభువు బల్ల రోజు అది, యేసు పేరున అందరూ రొట్టె పంచుకుని తినే రోజు. ఈ సంఘంలో ఒక పద్ధతి ఉంది. ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, రొట్టె పళ్లెం కదలకముందే పోయి వాళ్ళ చేయి పట్టుకోవాలి.

"పైసలున్నోళ్ళకొక జాగా, లేనోళ్ళకొక జాగా అని దేవుని ఇంట్ల ఉండదు. సమాధానపడుండ్రి," అన్నాడు పాస్టరు, ఎప్పుడూ అనేదే.

ఎస్తేరమ్మ మోకాళ్ళ మీద జరుగుతూ పోయింది. "పెద్దమ్మా, మనసుల ఏం పెట్టుకోకు."

"ఏం లేదు బిడ్డా. నీ పిల్ల నౌకరీ ముచ్చట నాకు తెల్వదా? నేనేమన్న కుర్చీతోని పుట్టిన్నా?"

పక్కనున్న ఉమ కిసుక్కున నవ్వింది. ఎస్తేరమ్మకు నవ్వు రాలేదు.

పళ్లెం వచ్చింది. జోగులమ్మ ఇంకా నేల మీదే ఉండగా తినడానికి మనసొప్పక, ఎస్తేరమ్మ రొట్టె తీసుకోకుండానే పళ్లెం ఆమెకు అందించింది. జోగులమ్మ కూడా తీసుకోకుండా ఉమకు ఇచ్చేసింది.

"నువ్వెందుకు తీసుకోలే?" ఎస్తేరమ్మ గుసగుసగా అడిగింది.

"నా మొకం చూసే గద నువ్వు ఆగినవు. నీ నోటికాడికి రానిది నేనెట్ల తింట?"

కాల్చి వాత పెట్టినట్టయింది ఎస్తేరమ్మకు. మేడం కోపం చేస్తుంది, పని పోతుంది, పిల్ల హైదరాబాదు పోతుంది. అన్నీ కళ్ళ ముందు కదిలాయి. అయినా లేచింది.

"మేడం, జర లేస్తరా?"

వర్షమ్మకు అర్థం కాలేదు. ఇక్కడ ఫ్యాను గాలి సరిగా రాదని చెప్పబోయింది ఎస్తేరమ్మ. ఆ అబద్ధం నోరు దాటలేదు.

"ఈ కుర్చీ ఆ పెద్దమ్మది. మోకాళ్ళు వంగయి. మా పిల్ల పని కోసరం నేనే ఆమెను దించి మిమ్మల్ని కూసోపెట్టిన."

వర్షమ్మ మొహం కందిపోయింది. "ముందే చెప్తే కూసోకపోదును గదమ్మా. అందరి ముందట నా ఇజ్జత్ తీసినవు," అని మెల్లగా అని, పోయి జంఖానా చివర కూర్చుంది.

ఉమ ఒక పక్క, ఎస్తేరమ్మ ఒక పక్క పట్టి లేపుతుంటే జోగులమ్మ నొప్పికి పళ్ళు బిగించింది. కుర్చీలో కూర్చున్నాక పాస్టరు పళ్లెం మళ్ళీ తెచ్చాడు. ఈసారి ఇద్దరూ తీసుకున్నారు.

కూతురు ఎటు చూస్తున్నదో చూసే ధైర్యం లేక, రొట్టె ముక్క నమలకుండా నోట్లోనే ఉంచుకుని ఎస్తేరమ్మ తల దించుకుంది.