బూడిదరంగు కోటు ఎవరు కుట్టారు?

అమ్మ పోయి నెలయింది. దర్జీ దుకాణం మీది గదిలో బంధువులందరూ చేరి ఆమెను తలుచుకుంటున్నారు. యాభై ఏళ్లు మిషను తొక్కిన మనిషి, చెప్పుకోవడానికి కబుర్లకేం కొదవ! ముహూర్తానికి పెళ్లికొడుకు ప్యాంటు చిరిగితే, అతన్ని తలుపు వెనక నిలబెట్టి, తిడుతూనే రెండు నిమిషాల్లో కుట్టి పంపిందని బాబాయి చెబుతుంటే అందరూ కళ్లు తుడుచుకుంటూనే నవ్వారు.

నవ్వనిది పెద్దకూతురు ఒక్కతే. ఆమె చూపంతా ఒళ్లో ఉన్న బూడిదరంగు కోటు మీదే ఉంది.

అమ్మ ఆఖరుగా కుట్టింది ఆ కోటే. నాలుగు నెలల కిందట పార్సిల్లో వచ్చింది. రెండేళ్లుగా కూతురు పుట్టింటి గడప తొక్కలేదు, చివరిచూపుకీ అందుకోలేదు. పోనీలే, అమ్మ చేతిపని నా ఒంటి మీదుంది కదా అని ఇన్నాళ్లూ గుండె దిటవు చేసుకుంది. ఆ కోటు అమ్మది కాకపోతే ఆమెకిక మిగిలిందేమీ లేదు. తీరా ఇవాళ రైల్లో, కిటికీ వెలుతురులో అంచు తిరగేసి చూసేసరికి ఆ ధైర్యం కాస్తా ఊడిపోయింది.

అమ్మది ఎడమచేతి వాటం. ఆమె హెమ్మింగ్ వేస్తే కుట్లన్నీ ఎడమకి వాలేవి. ఇవి కుడికి వాలాయి. దర్జీ కూతురికి ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి?

ఇంకో సంగతి కూడా ఉంది. ఈ రెండేళ్లలో ఆమె లావెక్కింది. అయినా కోటు అచ్చంగా సరిపోయింది. అమ్మ చూడలేదు, కొలవలేదు. పోయిన వేసవిలో ఒక పూట ఇంటికొచ్చి తనను ఎగాదిగా చూసి వెళ్లింది తమ్ముడి భార్య ఒక్కతే.

ఆ మరదలు ఇప్పుడు గుమ్మం దగ్గర కప్పులు సర్దుతోంది. అబ్బో, ఎంత ఒద్దికో! కోటు కనబడగానే ముఖం తిప్పుకుంది కూడా. తనే ఏదో కుట్టేసి, అత్త పేరు చెప్పి నా ముఖాన కొట్టింది అనుకునేసరికి కూతురికి ఒళ్లు మండిపోయింది. బాబాయి కబురు పూర్తి కాకుండానే లేచి, మరదలిని కింద దుకాణంలోకి తీసుకుపోయింది.

"నిజం చెప్పు. ఇది కుట్టింది నువ్వేగా?"

"ఊరుకోండి వదినా, ఇప్పుడెందుకు అవన్నీ?"

"ఎందుకా! అందరూ కలిసి నన్ను వెర్రిదాన్ని చేశారు!"

మరదలు స్టూలు మీద కూలబడింది. "అత్తయ్య ఒట్టు వేయించుకున్నారు. పోయిన ఏడాది నుంచీ ఆవిడకి చేతులు వణుకు. సూదిలో దారం ఎక్కేది కాదు. మీకు తెలిస్తే ఉద్యోగం వదిలేసి పరిగెత్తుకొస్తారని భయం. నేను కుడుతుంటే పక్కన కూర్చుని చంపుకు తిన్నారనుకోండి. చంక దగ్గర నాలుగుసార్లు విప్పించారు."

"మరి కొలతలు?"

"మీరు మెట్లెక్కుతూ ఫోన్లో మాట్లాడేవారుగా. ఆ ఆయాసం విని, దీనికి ఒళ్లొచ్చిందే, నడుముకి రెండంగుళాలు కలుపు అన్నారు."

కూతురికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. అమ్మ తప్ప అలా వినేవాళ్లెవరు? మరదలి ముఖం చూడటానికి సిగ్గేసింది.

"అయితే ఇందులో అమ్మ చెయ్యి పడనే లేదన్నమాట," అంది మెల్లగా.

"అయ్యో, ఎందుకు పడలేదు! పై గుండీ ఆవిడే కుట్టారు. మూడు రోజులు పట్టింది, వేలికి ఎన్ని పోట్లో! వంకరగా వచ్చింది, సరిచేస్తానంటే నా చేతి మీద ఒక్కటిచ్చారు. నా కూతురికి నా కుట్టు ఒక్కటైనా ఉండాలి అన్నారు. ఇదిగో, చూడండి..."

మరదలు కోటు అందుకుని పై గుండీ పట్టుకుని ఆగిపోయింది. గుండీ తిన్నగా, బిగుతుగా, ముచ్చటగా ఉంది.

 పార్సిల్ విప్పిన రోజే కూతురు ఆ వంకర గుండీని చూసింది. ఎవరైనా చూస్తే అమ్మ పేరు పోతుందని, అప్పటికప్పుడే కత్తెరతో దారం కోసి, తనే మళ్లీ కుట్టుకుంది. పాత దారం ముక్కల్ని చెత్తతో పాటు ఊడ్చి పారేసింది.