వంటింటి కిటికీ ఈల

గోడలు ఇంకా లేవలేదు, కిటికీలు మాత్రం పదకొండూ వాటి వాటి చోట్ల నిలబడి ఉన్నాయి, కింద ఇసుక, పైన ఆకాశం, ఆనుకోవడానికి పక్కన ఏమీ లేదు, అయినా ఒక్కటీ ఒరిగిపోవడం లేదు. నేను చీర కుచ్చిళ్ళు ఎత్తిపట్టుకుని వాటి మధ్య నడుస్తూ, ఇది హాలు, ఇది దేవుడి గది, ఇది మా పడకగది అని నాకు నేనే చెప్పుకుంటున్నాను. కాకినాడలోని మా ఇల్లేనని తెలుస్తూనే ఉంది, కానీ రెండు వీధుల అవతల ఉండాల్సిన సముద్రం మా పెరట్లోకి వచ్చి కూర్చుంది, ఆ సంగతి ఎవరికైనా చెప్పాలి కదా అనిపిస్తోంది గానీ ఎవరికి చెప్పాలో తోచడం లేదు. ముప్ఫై ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్‌ఛేంజిలో పనిచేసినదాన్ని, ఎవరికి లైను కలపాలో నాకు తెలియకపోవడం ఏమిటని కొంచెం చిరాకు కూడా వస్తోంది.

ఎక్కడినుంచో ఈల వినిపిస్తోంది, సన్నగా, ఆగకుండా. ఆ ఈల నాకు తెలుసు. మా వంటింటి కిటికీది. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరగగానే రెండు రెక్కల మధ్య సందులోంచి దూరి ఇరవై రెండేళ్ళుగా అది అలాగే ఈల వేస్తోంది. దాని వెంటే వెళ్తే, చిత్రిక పట్టిన పొట్టు మోకాళ్ళ దాకా పోగుపడిన చోట ఒక మనిషి బల్ల మీద వంగి పని చేసుకుంటున్నాడు, చెవి మీద ఎర్ర పెన్సిలు ఉంది. సింహాద్రాచారిగారు, మా ఇంటి తలుపులూ కిటికీలూ అన్నీ చేసిన వడ్రంగి. ఆయన పోయి ఆరేళ్ళయిందనీ, ఆ మాట నాకు కూరగాయల మార్కెట్లో ఎవరో యథాలాపంగా చెప్పారనీ, వాళ్ళింటికి వెళ్ళి పలకరించి రావాలనుకుంటూనే వెళ్ళలేదనీ నాకు బాగా గుర్తుంది, అయినా పోయిన మనిషి ఇలా కనిపించడంలో వింతేమీ అనిపించడం లేదు, వడ్రంగి అన్నాక పని చేసుకోక ఏం చేస్తాడు అనుకుంటున్నాను.

"రండి అమ్మగారూ," అంటారాయన తలెత్తకుండానే. "గోడలు రేపు లేస్తాయంటండి. కిటికీలు ముందే నిలబెట్టేసేను."

"గోడల్లేకుండా కిటికీలెందుకు ఆచారిగారూ?"

"గాలి ఎటునుంచి వస్తాదో చూసుకోవద్దాండీ? గోడ కట్టేసేక చూసుకుని ఏం లాభం."

అదీ నిజమేననిపించి బల్ల చివర కూర్చుంటాను, కూర్చోగానే అది బల్ల కాదు, దూలం అయిపోతుంది, మేమిద్దరం పాత బియ్యం మిల్లులో ఉన్నాం, పైన రేకులు సగం విప్పేసి ఉన్నాయి, ఊకవాసన, ఎండ చారలు. మా కిటికీల కలప ఇక్కడిదే. మిల్లు పడగొడుతున్నారని తెలిసి ఆచారిగారే నన్ను రిక్షాలో తీసుకొచ్చి ఈ బర్మా టేకు దూలం మీద అరచేత్తో తట్టి చూపించారు, మా తాత పుట్టకముందు కోసిన మాను ఇది, ఇది చూడాల్సిన వానలన్నీ చూసేసింది, తీసుకోండి అన్నారు. మావారు ఇనుప కిటికీలు చాలన్నారు. నేను వినలేదు. కిటికీలకయిన ఖర్చు చూసి ఆయన వారం రోజులు అన్నం సరిగ్గా తినలేదు, నేనేమో అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ మా టేకు కిటికీల గురించి ఫోన్లో చెప్పేదాన్ని. ఎదురింటివాళ్ళ ఇనుప కిటికీలు ఉప్పుగాలికి తుప్పు పట్టి రెండుసార్లు మారాక ఆయన కూడా మెత్తబడ్డారు గానీ, ఆ మాట ఇప్పటికీ పైకి అనరు.

ఇదంతా బాగానే ఉంది, నా చేతిలో ఉన్నదాన్ని ఎలా దాచుకోవాలన్నదే నా ఇబ్బంది. తెల్ల ప్లాస్టిక్ కిటికీల కంపెనీవాళ్ళు ఇచ్చిన రంగుల కాగితం అది. వెనక్కి పెట్టుకుంటే పెద్దదవుతోంది, కొంగు కప్పితే ఇంకా పెద్దదవుతోంది, చివరికి నిజం కిటికీ అంత అయిపోయి నా వీపు వెనక నిలబడింది, దాని ముందు నేను దొంగలా నిలబడ్డాను.

"ఏంటండి అది?"

"తెల్ల కిటికీలు ఆచారిగారూ," అంటాను, ఇంక దాచి లాభం లేదు కాబట్టి. "రంగు అక్కర్లేదట, నూనె అక్కర్లేదట, వానకి ఉబ్బవట. నాలుగింటికి కొలతలకి మనిషి వస్తున్నాడు. కొలతలిచ్చేస్తే ఇంక వద్దనడానికి లేదు, మనింటికి సరిగ్గా కోసి తెస్తారు, వేరే వాళ్ళకి పనికిరావు. మీవన్నీ పీకేస్తారు."

ఆయన మొహం ముడుచుకుంటారని చూస్తున్నాను. ముడుచుకోరు. కొత్త సరుకు చూసిన పనివాడికి ఉండే కుతూహలంతో దగ్గరికొచ్చి బొటనవేలితో అంచు నిమిరి, వేలితో కొట్టి చప్పుడు వింటారు.

"నున్నగా ఉందండి. బాగానే ఉంది. పాడైతే ఏం చేస్తారు?"

"పాడవదంటున్నారు."

"పాడవని వస్తువు నేనెప్పుడూ చూళ్ళేదండి," అని నవ్వి, వంటింటి కిటికీ రెక్క నా వైపు తిప్పి కింది మూల చూపిస్తారు, అక్కడ మేకు తల లేదు, చిన్న గుండ్రటి చెక్క చీల ఉంది. "కింది చెక్కే ముందు పోతాదండి, నీళ్ళు నిలబడేది అక్కడే గదా. అందుకని మేకు కొట్టకుండా చీల పెట్టేను. పోయిన్నాడు అదొక్కటే ఊడదీసి ఇంకో ముక్క ఏసుకోడానికి. రెక్క మొత్తం మార్చక్కర్లేదు."

"మరి ఏటేటా ఆ నూనె పట్టడం?"

"ఏడాదికోసారి ఇల్లంతా తిరిగి చూసుకోడానికి అదో వంకండి."

వంకే మరి. వానలు వెనకబట్టాక ఒక ఆదివారం మావారూ నేనూ పాత బనియను గుడ్డలు తీసుకుని పదకొండు కిటికీలకీ అవిసె నూనె పట్టించేవాళ్ళం, ఆయన పై రెక్కలు, నేను కింది రెక్కలు, మధ్యాహ్నానికి ఇల్లంతా ఆ వాసన, ఇద్దరికీ నడుంనొప్పి, హోటలు నుంచి పెసరట్లు. ఆయన మోకాళ్ళు మొరాయించాక నాలుగేళ్ళుగా మానేశాం, చెక్క తెల్లబోయి పొట్టు లేస్తోంది, అది చూడలేకే ఆ కంపెనీకి ఫోను చేశాను. ఈ సంగతి ఆచారిగారికి చెబుతున్నానో, మనసులో అనుకుంటున్నానో నాకే తెలియడం లేదు, ఆయన మాత్రం తలాడిస్తున్నారు. ఒక కిటికీలోంచి చూస్తే వాన పడుతోంది, పక్క కిటికీలోంచి చూస్తే రోహిణి ఎండ, ఇంకో కిటికీ అవతల మావారు నల్ల జుట్టుతో, చేతిలో నూనెగుడ్డతో ఎవరితోనో కబుర్లు చెబుతున్నారు, పిలిస్తే వినిపించదని తెలిసి పిలవను.

ఈల పెద్దదవుతుంది. ఆచారిగారు చెవి మీది పెన్సిలు తీసి వంటింటి కిటికీ రెండు రెక్కల మధ్య సందులో, సరిగ్గా నడిమధ్యన పెడతారు. పెన్సిలు ఆ సందులోంచి అవతలి ఇసుకలోకి జారిపోతుంది.

"పెన్సిలు పట్టేసిందండి," అంటారు, ఆ రోజు అన్నట్టే.

ఆ రోజు అనుకోగానే మా చుట్టూ వరండా లేస్తుంది, కటకటాలు, పూలకుండీలు, కుర్చీలో పేపరు మొహానికి అడ్డం పెట్టుకుని పక్క స్థలం పెద్దాయన, ఆయన అప్పుడే ఇల్లు కట్టుకుంటున్నాడు, ఇంటికి కావలసిన తలుపులూ కిటికీలూ అన్నీ ఆచారిగారికే ఇద్దామనుకుంటున్నాడు. ఆయన వినేటట్టు నేను గొంతు పెంచి అన్న మాట ఇప్పుడు నేను నోరు తెరవకుండానే గాలిలో వినిపిస్తోంది. పాత దూలమని చెప్పి పచ్చి కలప పెట్టి మమ్మల్ని ముంచేశారు. ఆచారిగారు టీ కూడా తాగకుండా చెప్పులు తొడుక్కుని వెళ్ళిపోయారు. పెద్దాయన పని ఇంకొకరికి వెళ్ళిపోయింది.

నాకు నోరు ఎక్కువని ఆఫీసులో అందరూ అనేవారు, ఇప్పుడు మాత్రం మాట బయటికి రావడానికి గొంతు పట్టుకుని లాగాల్సి వస్తోంది.

"ఆచారిగారూ, ఈ రెక్కలకి చిత్రిక పట్టింది నేను," అంటాను. "వానాకాలంలో రెక్కలు బిగుసుకున్నాయి. లోపల మిరపకాయల తాలింపు ఘాటు, దగ్గు, కిటికీ తెరుచుకోదు. వానల్లో బిగిస్తే ముట్టుకోవద్దనీ, శివరాత్రి దాకా ఆగితే అదే వదులవుతుందనీ మీరు చెప్పారు. నేను ఆగలేదు. పక్క వీధిలో కడుతున్న ఇంటి వడ్రంగుల దగ్గర చిత్రిక అడిగి తెచ్చుకుని, రెక్కల అంచులు నేనే చెక్కేశాను. ఎండలొచ్చేసరికి సందు పడింది. మావారు అడిగితే మీ మీదికి తోసేశాను. కలప పచ్చిది కాదు. తొందర నాది."

"తెలుసండి."

"ఎలా తెలుసు?"

"బొటనవేలు పెట్టి చూస్తే తెలీదాండీ? రెక్క ఊడదియ్యకుండా పట్టేరు, మూలల్లోకి చెయ్యి ఆడలేదు, నడుంలో లోతైపోయింది. పనోడు ఎవడూ అలా పట్టడు."

"మరి ఆ రోజే ఎందుకనలేదు?"

"మీవారూ ఉన్నారు, ఆ పెద్దాయనా ఉన్నాడు. అంతమందిలో మిమ్మల్ని ఎలా అంటానండి."

"మీకు పని పోయింది కదా."

"పోయిందండి," అంటారాయన, మర్యాదకి కూడా కాదనరు. "ఆ ఏడు కొంచెం ఇబ్బందయ్యింది."

నాకు ఏడుపొస్తుంది. దాచుకోను, వరండా మెట్టు మీద కూర్చుని చిన్నపిల్లలా ఏడుస్తాను, క్షమించమని అడుగుతాను, ఎప్పుడో అడగాల్సిన మాట ఇంత ఆలస్యంగా అడుగుతున్నానని కూడా చెబుతాను. ఆయన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి, నేను ఆ రోజు పిట్టగోడ మీద పెట్టి మళ్ళీ అడగని టీ గ్లాసు తీసుకుంటారు, అందులోంచి ఇంకా పొగలు వస్తున్నాయి, మెల్లగా ఊదుకుంటూ తాగుతారు.

"మీరు వాన తగ్గేదాకా ఆగలేదు, నేను మీ కోపం తగ్గేదాకా ఆగలేదు," అంటారు. "ఆగుంటే ఆ రోజే బిగించేసి ఎళ్ళేవోణ్ణి. ముందునాడు కొలత చూసుకెళ్ళి, దాని కోసమే గదండీ మళ్ళీ వచ్చింది."

ఏది బిగించేవారు అని అడగబోతూ చూస్తే ఆయన చేతిలో మా దండెం కర్ర ఉంది. బట్టలు ఎత్తి తీగ మీద వేసే పల్చటి కర్ర, నడుం దగ్గర కొంచెం లావు, చివర్లు సన్నం. మా కర్ర మీ దగ్గరికెలా వచ్చింది అంటాను. ఆయన దాన్ని పిట్టగోడకి ఆనించి, గ్లాసు దాని పక్కన పెడతారు.

"మీ దగ్గరే ఉందండి, అప్పట్నుంచీ," అంటూ చెప్పులు తొడుక్కుంటారు, గోడలు లేని ఇంట్లో గుమ్మంలోంచే బయటికి వెళ్తారు, సముద్రం ఆయనకి దారి ఇచ్చి పక్కకి జరుగుతుంది, నేను లేచి సాగనంపుదామనుకుంటాను గానీ ఈల చెవిలో దూరి నన్ను పట్టుకుని లాగుతోంది.

మెలకువ వచ్చింది. హాల్లో దివాను మీద పడుకుని ఉన్నాను, గోడ గడియారం నాలుగుకి పది నిమిషాలు తక్కువ చూపిస్తోంది. గాలి తిరిగింది, వంటింటి కిటికీ ఈల వేస్తోంది. మావారు బల్ల దగ్గర టీ తాగుతూ తెల్ల కిటికీల కాగితాన్ని ముక్కుకి ఆనించుకుని చదువుతున్నారు.

మొహం కడుక్కోకుండానే పెరట్లోకి వెళ్ళాను. దండెం కింద కర్ర ఎప్పటిలాగే రెండు మేకుల మీద ఉంది. దీన్ని ఎప్పుడు కొన్నామో, ఎవరిచ్చారో ఎప్పుడూ ఆలోచించలేదు, వరండాలో ఆనించి ఉంటే తీసుకుని వాడుకోవడం మొదలుపెట్టాను, అంతే. నడుంలో లావుగా ఎందుకుందంటే పట్టు కోసమనుకున్నాను. కొంగుతో తుడిచి చూశాను, లోపల అదే టేకు, అదే చారలు.

వంటింట్లోకి తెచ్చి రెండు రెక్కలూ మూసి, వాటి మధ్య సందులో నిలువుగా పెట్టి నొక్కాను. కింద నుంచి పైదాకా, నేను తక్కువ పట్టిన మూలల దగ్గర సన్నగా, ఎక్కువ పట్టేసిన నడుం దగ్గర లావుగా, నా చేతి తప్పు ఎలా ఉందో అలాగే కూర్చుంది. ఈల ఆగిపోయింది.

ఇంట్లో అంత నిశ్శబ్దం నాకు అలవాటు లేదు. మావారు కాగితం దించి ఇటు చూశారు.

"గాలి పడిపోయిందా?"

"లేదు," అన్నాను. కర్రని అరచేత్తో ఇంకా గట్టిగా నొక్కి పట్టుకున్నాను.

వీధి గేటు చప్పుడైంది. ఎవరో బెల్లు కొట్టారు.

"కొలతలకి వచ్చినతనికి వద్దని చెప్పండి, ఎండన పడి వచ్చాడు, టీ ఇచ్చి పంపండి," అన్నాను. "మీరే వెళ్ళండి, నేనిప్పుడు చెయ్యి తియ్యను."

అరచేతి కింద కర్ర కదలకుండా ఉంది. కిటికీ రెక్క అద్దంలోంచి చూస్తే బయట దండెం మీద మావారి లుంగీ గాలికి రెపరెపలాడుతూనే ఉంది.