వండిన చేతికి వడ్డన

నేను ఒక సత్తు డేగిసాను. షోకేసులో పెట్టి మురిసిపోవడానికి వెండిదాన్ని కాదు, ఇత్తడిదాన్నీ కాదు. నాలాంటివాళ్ల కథ ఎవరూ అడగరు. అయినా చెప్తాను, ఎందుకంటే కడుపు రగిలిపోతోంది. ఇంతకాలం మనుషులు కింద మంట పెడితే రగిలేదాన్ని. ఇప్పుడు మంట అక్కర్లేకుండానే రగులుతున్నాను.

అనకాపల్లి బజారు వెనక సందులో, ఒక రేకుల షెడ్డులో పుట్టాను. రేకుని గుండ్రంగా కోసి, మర కింద నొక్కి, అంచు మడిచి, సుత్తితో సాపు చేశారు. దుకాణం ముందు తాడుకి వేలాడుతుంటే వచ్చినవాళ్లంతా తట్టి చూసి, పెదవి విరిచి, చిన్న గిన్నె కొనుక్కుని పోయేవారు. ఆఖరికి సన్యాసినాయుడు వచ్చాడు. యాత్రా బస్సుల్లో వంటవాడు. నన్ను ఎండలోకి ఎత్తి అడుగు చూశాడు, బొటనవేలితో నొక్కాడు. "మందంగుంది. అడుగంటదు," అన్నాడు. అడిగిన రేటిచ్చి చంకన పెట్టుకుపోయాడు.

అబ్బో, ఆ రోజులు! బస్సు ఏ కాలవగట్టునో మామిడితోపులోనో ఆగేది. యాత్రికులు స్నానాలకి దిగితే నాయుడు మూడు రాళ్ల కోసం దిగేవాడు. గాలి ఎటు వీస్తోందో చూసుకుని పొయ్యి పెట్టేవాడు. ముందు నా వీపుకి తడిమట్టి మెత్తేవాడు, మసి అంటకుండా. వంటయ్యాక ఆ మట్టి పెళ్లలుగా ఊడిపోయేది, నేను మళ్లీ కొత్త పెళ్లికూతుర్ని. నూనె కాగాక ఉల్లిపాయలు, చీరిన పచ్చిమిరపకాయలు, వంకాయలు, బంగాళాదుంపలు, టమాటాలు వేసి మగ్గించేవాడు. నానబెట్టిన బియ్యం, కందిపప్పు కలిపి పోసేవాడు. ఎసరు ఉడుకుపట్టగానే మంట లాగేసి, మూత పెట్టి, మూత మీద కూడా నాలుగు నిప్పులు వేసేవాడు. అంతే వంట. దాన్ని యాత్రికులు 'బస్సన్నం' అనేవారు. ఇంటిదగ్గర అన్నానికి వంకలు పెట్టే ముసలాయనలు కూడా ఆ తోపులో ఆకులు నాకేసేవారు.

నాయుడికి ఒక పట్టింపు ఉండేది. వండినవాడు తనకి తాను వడ్డించుకోకూడదు. అందరూ తిన్నాక కాదు, అందరికంటే ముందు, బస్సులో పెద్దవాళ్లెవరో లేచి ఆ వండిన మనిషికి తొలి ఆకు వెయ్యాలి. "ఒండినోడు తనకి తానే ఎట్టుకుంటే అన్నం అలిగిపోద్ది బాబూ," అనేవాడు. కొందరు నవ్వేవారు. అయినా వడ్డించేవారు. నేను చూశాను కదా, ఆ పిడికెడు అన్నం తన ఆకులో పడుతున్నప్పుడు నాయుడు నడుం నిటారుగా పెట్టి కూర్చునేవాడు. ఆ కాసేపూ అతను కూలికి వచ్చిన వంటవాడు కాదు.

నాయుడు పోయాక అతని కూతురు నూకరత్నం నన్ను అడిగి తీసుకెళ్లింది. చిన్నప్పుడు సెలవుల్లో తండ్రితో బస్సెక్కి, ఆ తొలి ఆకుని కళ్లారా చూసిన పిల్ల. ఆవిడ మొగుడు జోగారావు ఏదో ఆఫీసులో పెద్ద గుమస్తా. చెడ్డవాడు కాదు. తాగడు, కొట్టడు, అరవడు. ఆ మూడూ చెయ్యని మొగుడికి ఈ దేశంలో గుడి కడతారు గనక తనకి ఇంకా కట్టలేదేమని అతనికి లోలోపల బెంగ. రత్నం పెళ్లైన దగ్గర్నుంచీ పొద్దున టిఫినూ మధ్యాహ్నం క్యారేజీ రాత్రి వేడన్నం వండుతూనే ఉంది. అందరూ తిని లేచాక, స్టవ్వు గట్టు దగ్గర నిలబడి, గిన్నెలోంచే తినేసి గిన్నె కడిగేసేది. అటక మీంచి నేను చూస్తూ ఉండేదాన్ని. నాయుడి కూతురమ్మా నువ్వు, అందామంటే నాకు నోరు పెద్దదే గానీ మాట లేదు.

ఇంతలో క్యాంపింగ్ అనే జబ్బు ఊరందరికీ తగులుకుంది. ఇంట్లో ఫ్యానుకింద సుఖంగా తినేవాళ్లంతా లంబసింగి చలిలో వణుకుతూ, పొగకి కళ్లు నలుపుకుంటూ తినడానికి కార్లేసుకుని పోతున్నారు. జోగారావుకీ తగిలింది. పై ఆఫీసరు కూర్మారావుగారినీ వాళ్లావిడనీ పిలిచాడు. ఫోన్లో వీడియోలు చూసి చూసి తను నలభీములిద్దరికీ గురువునని తేల్చుకున్నాడు.

"నువ్వు గరిటె ముట్టుకోడానికి వీల్లేదే రత్నం," అన్నాడు. "వంట నాది. మీ నాన్నగారి పద్ధతుందే, తొలి ఆకు, అది కూడా నేనే నీకు వేస్తాను. సరేనా?"

ఆ మాటకి ఆవిడ మొహం చూడాలి మీరు. స్టూలెక్కి అటక మీంచి నన్ను దింపి, చింతపండు పెట్టి తళతళా తోమింది. తోముతున్నంతసేపూ ఏదో కూనిరాగం తీసింది. ఆవిడకి కావలసింది ఒక్కటే. ఒక్కపూట, ఎవరో ఒకరు తన కంచంలో అన్నం పెట్టడం. నగ అడగలేదు, నట్రా అడగలేదు. దానికే ఆవిడ కొత్త చీర మడత విప్పింది.

లంబసింగి దాటాక ఒక ఏటిగట్టున గుడారాలు వేశారు. రత్నం శాలువా కప్పుకుని మడతకుర్చీలో కూర్చుంది. కూర్చోడం కూడా రాలేదు పాపం, కుర్చీ చివర్న, ఎవరైనా పిలిస్తే లేచిపోవడానికి తయారుగా కూర్చుంది. కాసేపటికి నెమ్మదిగా వెనక్కి వాలింది. చేతులు ఒళ్లో పెట్టుకుంది. ఆవిడ చేతులు ఊరికే ఉండగా నేను చూడటం అదే మొదలు.

జోగారావు హడావుడి చెప్పనలవి కాదు. నా వీపుకి మట్టి పూయలేదు. పొయ్యికి మూడు రాళ్లు ఏట్లోంచే ఏరుకొచ్చాడు, నున్నగా ఉన్నాయని. నీళ్లలో నానిన రాయి మంట మీద ఏం చేస్తుందో నాయుణ్ణి అడిగితే చెప్పేవాడు, ఈయన ఫోనుని అడిగాడు. కోడికూర కుతకుతలాడుతోంది, వాళ్ల కూతురు దివిజ వీడియో తీస్తోంది, కూర్మారావుగారు "ఆహా, ఏం వాసనయ్యా" అంటున్నారు. ఫటేల్మని రాయి పగిలింది. నేను పక్కకి ఒరిగిపోయాను. కూరంతా బూడిదలో పడింది. అందరూ కెవ్వుమని వెనక్కి గెంతారు.

దెబ్బలేం తగల్లేదు. ఆరంభశూరుడు మాత్రం చల్లబడిపోయాడు. ఆఫీసరుగారు పొట్ట నిమురుకున్నారు. జోగారావు తలకాయ నెమ్మదిగా మడతకుర్చీ వైపు తిరిగింది.

"రత్నం... కాస్త చూడవే. ఏదో ఒకటి, తేలిగ్గా అయిపోయేది."

ఆవిడ అప్పటికే లేచేసింది. కొంగు నడుముకి దోపేసింది. గట్టు మీద ఎండురాళ్లు మూడు చూసి పెట్టింది. నా వీపుకి మట్టి మెత్తుతుంటే ఆ వేళ్లలో తండ్రి ఒడుపే ఉంది. సంచిలో మిగిలిన కూరగాయలు, బియ్యం, పప్పుతో బస్సన్నం దించింది. మూత తీయగానే ఏరంతా గుబాళించింది. నా జన్మలో అంత బాగా ఉడకలేదు నేను, గొప్పకి చెప్పడం లేదు.

జోగారావుకి మాట గుర్తొచ్చింది. వచ్చింది గానీ ఎలా వచ్చిందో చూడండి. "దివిజా, ఫోన్ పట్టుకో తల్లీ!" అని కేకేశాడు. ఒక ప్లేటు నిండా పెట్టి, నెయ్యి వేసి, నిలబడి ఉపన్యాసం ఎత్తుకున్నాడు. "సార్, మా ఇంట్లో ఒక ఆచారం ఉందండి. వండినవాళ్లకే తొలి ముద్ద. ఆడవాళ్లని మేమలా గౌరవించుకుంటామండి." కూర్మారావుగారు చప్పట్లు కొట్టారు. రత్నం రెండు చేతులా ప్లేటు అందుకుంది. ఆవిడ కళ్లల్లో నీళ్లు. నేనే నమ్మేశాను, ఇంక ఆవిడ నమ్మదా?

"అయిపోయింది డాడీ, బాగా వచ్చింది," అంది దివిజ.

"ఆఁ, అయితే ఆ ప్లేటిలా ఇవ్వు. మేడమ్‌గారు పాపం ఇందాకట్నుంచీ ఆకలితో ఉన్నారు," అని జోగారావు ఆవిడ చేతుల్లోంచి ప్లేటు తీసుకుని ఆఫీసరుగారి భార్యకి అందించాడు. అత్తసొమ్ము అల్లుడు దానం చెయ్యడమంటే అదే. "నువ్వు ఇంట్లోమనిషివి, నీకేముందే. డేగిసాలో ఉంది కదా, తర్వాత తినొచ్చు. ముందు సార్‌కి వడ్డించు."

వడ్డించింది. మారు వడ్డించింది. కూర్మారావుగారు ముచ్చటగా మూడోసారీ ప్లేటు చాపారు. జోగారావు తిన్నాడు, దివిజ తింది. గరిటె నా అడుగుని గీకడం మొదలుపెట్టినప్పుడు నేను చెయ్యగలిగింది ఏమైనా ఉందా? ఆఖరికి డేగిసాలో ఉన్నది మాడు.

"అయ్యో, మీరు తినలేదేమండీ?" అంది మేడమ్‌గారు, చెయ్యి కడుక్కుంటూ.

"అమ్మకి మాడంటే ఇష్టం ఆంటీ," అంది దివిజ. నవ్వుతూనే అంది. ఆ పిల్లకి నిజంగా అంతే తెలుసు. పుట్టిన దగ్గర్నుంచీ తల్లి తినగా చూసింది అదే మరి.

రత్నం నన్ను ఏటి దగ్గరికి తీసుకెళ్లింది. నీళ్ల అంచున కూర్చుని నన్ను ఒళ్లో పెట్టుకుని ఏడ్చింది. ఆకలికి కాదు. ఒక్క పిడికెడు, ఆ ఒక్క పిడికెడు చేతిదాకా వచ్చి పోయినందుకు ఏడ్చింది. "నాన్నా," అంది ఒకసారి. తర్వాత కళ్లు తుడుచుకుని, గోటితో మాడు గీకి, దోసిట్లో పోగేసి, ఏట్లో చేపలకి వేసేసింది. తను ముట్టుకోలేదు.

సర్దుకునేటప్పుడు గుడారాలు, గరిటెలు, ప్లేట్లు, గ్లాసులు, మడతకుర్చీలు అన్నీ కారెక్కించింది. నేను పొయ్యి రాళ్ల పక్కన బోర్లా ఉన్నాను. నా వీపు మీద మట్టి ఇంకా ఉంది. వచ్చి నా ఎదురుగా నిలబడింది. వంగి, నా అంచు మీద చెయ్యి వేసింది. కాసేపలాగే ఉండి, చెయ్యి తీసేసింది.

"అంతా సర్దావా?" అని అడిగాడు జోగారావు.

"సర్దానండి."

మరిచిపోలేదు. చూసి చూసి వదిలేసింది. నేను లేకపోతే ఈ అడవి వంటలుండవు, ఈ వీడియోలుండవు, తండ్రి పద్ధతిని ఎవరూ మళ్లీ ఎంగిలి చెయ్యలేరు అనుకుని ఉంటుంది. నాకు మాత్రం ఒళ్లు మండిపోయింది. అందరూ తిన్నదానికి శిక్ష నాకా? మొగుణ్ణి ఒక్క మాట అనలేనిదానివి, తండ్రి డేగిసాని రాళ్లపాలు చేస్తావా అని నోటికొచ్చినట్టు తిట్టుకున్నాను.

కారు తలుపులు పడ్డాయి. అద్దం ఇంకా దించే ఉంది. జోగారావు గొంతు నాకు స్పష్టంగా వినిపించింది.

"ఇంటికెళ్లేసరికి మళ్లీ ఆకలేస్తుందే. వెళ్లగానే కుక్కర్లో ఏదైనా వేడిగా పడేద్దూ."

"సరేనండి," అంది రత్నం.

ఆ మాట విన్నాక ఆవిడ మీదున్న కోపం నాకు మిగల్లేదు.