ఏంజెలీన్ వేలి మీద తడి రెక్కలు

కొమ్మ లేదు!

నిన్న సాయంత్రం దాకా ఉంది. కంచె దాటి మా వైపు వంగిన కరివేపాకు కొమ్మ, దాని కాడకు అతుక్కుని వేలి కణుపంత ప్యూపా. దాని కోసం వారాల తరబడి కాపలా కాశాను. గుడ్డును ఫొటో తీశాను. పిట్టరెట్టలా కనపడే పిల్ల పురుగును తీశాను. ఆకులు మేసి పచ్చగా బలిసిన పెద్ద పురుగునూ తీశాను. అది తొడుగు బిగించుకుని నేనూ ఆకునే అని నటిస్తుంటే ఆ నటననూ తీశాను. నిన్న తొడుగు నల్లబడి, లోపలి రెక్కల మీది పసుపు మచ్చలు కనిపించాయి. అంటే ఈ పొద్దున చీలిపోతుంది, సీతాకోకచిలుక బయటికొస్తుంది. ఆ ఒక్క ఫొటో కోసం కెమెరా మెడలో వేసుకుని పరుగెత్తుకొస్తే, కొమ్మ ఉండాల్సిన చోట తెల్లటి కత్తిగాటు!

"ఏంజెలీన్ ఆంటీ!" మా పేట రిజర్వాయర్ హిల్స్ వాలంతా వినపడేట్టు అరిచాను.

పక్కింటి ఏంజెలీన్ ఆదివారం గౌనులో, తల నిండా రోలర్లతో బయటికొచ్చింది. "వాట్, మా? పొద్దున్నే ఎవరు సచ్చింది?"

"ఇక్కడి కొమ్మేదీ?"

"కరేపాకా? చర్చి కిచెన్ పమేలా మనుషుల్ని పంపింది. ఈరోజు చర్చిలో థాంక్స్‌గివింగ్, నో? పెద్ద పెద్ద పాట్స్. నేను కట్ చేసి ఇచ్చింది."

"నాకొక్క మాట చెప్పకుండా?"

"హే! నా చెట్టుకి నీకు చెప్పేదా? కరేపాకు అడిగితే లేదు అనేది కాదు. మా అవ్వ అట్లనే చెప్పింది."

ఇక్కడి తెలుగువాళ్ల మర్యాద ఇది. ఇండియా నుంచి ఓడల్లో ఈ దేశపు చెరకు తోటల చాకిరీకి వచ్చిన ముత్తాతల నాటి నుంచీ పెరట్లో కరివేపాకు చెట్టు ఎవరిదైనా దాని ఆకు వీధిది. ఏంజెలీన్ ఇంట్లో దేవుళ్లు మారారు, తెలుగు సగానికి సగం జారిపోయింది, ఈ మర్యాద మాత్రం గట్టిగా నిలబడింది. నిలబడి ఇవాళ నా కొంప ముంచింది.

"దాని మీద పురుగుంది ఆంటీ!"

ఆమె ముఖం పాలిపోయింది. "గోగా? చర్చి పాట్‌లో గోగా?" పాకేదైనా ఎగిరేదైనా ఇక్కడివాళ్లకు గోగానే. "పమేలా నన్ను చంపుతాది! లయొనెల్! బక్కీ తియ్యి, క్విక్!"

ఆమె భర్త లయొనెల్ టై సగం కట్టుకుని తన చిన్న ట్రక్కు తీశాడు. ముగ్గురం ముందు సీట్లోనే ఇరుక్కున్నాం. నేను సీతాకోకచిలుక కోసం, ఆమె పరువు కోసం. లయొనెల్ ఎందుకో అతనికే తెలీదు.

నాకెందుకింత ఆత్రమో చెప్పాలి. ఊళ్లో ఒక ఫొటో క్లబ్ ఉంది. ఈ దేశంలో తెల్లవాళ్లకే కాక అందరికీ ఓటొచ్చి రెండేళ్లు కావస్తోంది, ఆ క్లబ్ తలుపు మనలాంటివాళ్లకు తెరుచుకున్నది మాత్రం మొన్ననే. వెళ్లాను. తోటలోని పూలూ పురుగుల పోటీ, ఒకే కథ చెప్పే ఐదు ఫొటోలు కావాలన్నారు. అక్కడి ఘనులు ఎలా తీస్తారో తెలుసా? పురుగును ఫ్రిజ్‌లో పెడతారు. మొద్దుబారాక తెచ్చి, నచ్చిన పువ్వు మీద కూర్చోబెట్టి, తీరిగ్గా తీస్తారు. అది ఫొటో తీయడం కాదు, అరెస్టు చేయడం! ఆ మాటే అన్నాను. కార్యదర్శి నా కెమెరా వైపు చూసి నవ్వాడు. మామూలు లెన్సును తిరగేసి బిగించాను మరి. అలా చేస్తే చీమ కన్ను కూడా పెద్దగా కనపడుతుంది. నాకెవరూ నేర్పలేదు, ఒకరోజు తిప్పి చూశాను. "దీంతో కదిలే పురుగును పట్టలేరు మేడమ్" అన్నాడు. పడతాను అన్నాను. గడువు సోమవారం సాయంత్రం. నాలుగు ఫొటోలున్నాయి. ఐదోది పమేలా వంటింట్లో ఉంది.

ఆషర్‌విల్ చర్చి వెనక వరండాలో గ్యాసు పొయ్యిలు భగభగా మండుతున్నాయి. పప్పు డేగిసాల పక్కన వెడల్పు మూకుడులో నూనె కాగి ఆవాలు చిటపటలాడుతున్నాయి. అంటే తర్వాత పడేది కరివేపాకే! ఏంజెలీన్ నా మోచెయ్యి పట్టుకుని చెవిలో గొణిగింది: "గోగా అని చెప్పొద్దు, ప్లీజ్, మా. నీ రింగ్ పడిపోయింది అని చెప్పు."

అలాంటివి నాకు చేతకావు. "ఆపండి! ఆకు వెయ్యొద్దు! దాంట్లో పురుగుంది!"

గరిటెలు ఆగిపోయాయి. భారీ మనిషి, ఏప్రన్ కట్టుకుని వంటింటికి సేనాధిపతిలా నిలబడ్డ పమేలా మెల్లగా నావైపు తిరిగింది. "హూ ఈజ్ దిస్?"

"నా నెక్స్ట్ డోర్" అంది ఏంజెలీన్ నేల చూపులు చూస్తూ. "క్రాంతి. ఇండియాది. హాస్పిటల్ ల్యాబ్‌లో పని చేసేది. కొంచెం మెంటల్."

"నా కిచెన్‌లో గోగా? నేను ఎవ్రీ లీఫ్ కడిగింది!"

ఆమె చేతిలోనే ఉంది నా కొమ్మ. పిడికిలి కాడ పైభాగాన బిగించి ఉంది. ఒక్కసారి దూస్తే ఆకులన్నీ రాలిపోతాయి. ఆ పిడికిలికి కాస్త కిందే నా ప్యూపా!

"చెయ్యి కదపొద్దండీ! మీకు దండం పెడతాను, కదపొద్దు!"

"ఎక్కడ? అది ఎండాకు."

"ఆ ఎండాకుకు కాళ్లొస్తున్నాయి, చూడండి!"

పమేలా చూసింది. తొడుగు పైన సన్నగా చీలింది. ఆ చీలికలోంచి ఒక కాలు బయటికొచ్చి గాలిని గోకింది.

"ఓ మై జీసస్" అంది పమేలా. ఈసారి గొంతులో కోపం లేదు.

ఆవిరిలో లెన్సు మసకబారుతుంది. వరండా చివర ఎండలోకి పరుగెత్తాం. కొమ్మ ఏంజెలీన్ చేతికిచ్చాను. నీడ వైపు చీకటిగా ఉంటే, డేగిసా మూత పట్టుకొచ్చి వెలుగు ఇటు కొట్టమని పమేలాకు చెప్పాను. ఆమె జీవితంలో ఎవరి మాటా విని ఎరగదనుకుంటాను, నా మాట వింది! మోకాళ్ల మీద కూలబడి కన్ను ఆనించాను. ఇంత దగ్గరలో వెంట్రుకవాసి జరిగినా అంతా మసకే. ఫోకస్ రింగు తిప్పి లాభం లేదు, నేనే ముందుకూ వెనక్కూ ఊగాలి.

"స్తోత్రం, స్తోత్రం..." అని ఏంజెలీన్ పైకే అంటోంది.

"ప్రార్థన మనసులో చేసుకోండి ఆంటీ! మీ ఊపిరికే అది ఊగిపోతోంది!"

తల వచ్చింది. ఒక ఫ్రేము! తడిసి ముద్దయిన గుడ్డపేలికల్లా రెక్కలు. ఇంకొకటి! అంతలో హాల్లో డ్రమ్ములు మొదలయ్యాయి. వరండా చెక్కలు అదిరాయి, కొమ్మ అదిరింది, నా గుండె అదిరింది.

"లయొనెల్!" పమేలా మూత వదలకుండానే గర్జించింది. "ఆ డ్రమ్స్ ఆపమని చెప్పు! గాడ్ ఇక్కడ బిజీ!"

హల్లెలూయా సగంలో తెగిపోయింది. ఆ నిశ్శబ్దంలో చూశాను, దాని నాలుక రెండు విడి దారాలుగా వచ్చింది! చుడుతూ విప్పుతూ ఆ రెంటినీ జిప్పు వేసినట్టు ఒక్కటిగా కలుపుకుంటోంది. ఇది ఎవరైనా చూశారా? ఫ్రిజ్ గాళ్లు చూశారా? నొక్కాను. రీలులో ఇక ఒక్కటే మిగిలింది, విచ్చుకునే రెక్కలు లేకపోతే నా కథ ముగియదు.

సీతాకోకచిలుక వేలాడటానికి పట్టు వెతుక్కుంటూ పాకింది. తొడుగు దాటి, కాడ దాటి, నేరుగా ఏంజెలీన్ వేలి మీదికి ఎక్కింది. పసుపు పట్టిన గోరు, అరిగిన పెళ్లి ఉంగరం, వాటి నడుమ తడి రెక్కలు.

క్లబ్ నియమం గుర్తొచ్చింది. ఫొటోలో మనిషి చెయ్యి కనపడకూడదు.

"తీసి కొమ్మ మీద పెట్టు, మా" అంది పమేలా.

పెట్టొచ్చు. కానీ తడి రెక్కలు ముట్టుకుంటే మడతపడిపోతాయి, ఇక జన్మలో ఎగరలేదు. నా పోటీ కోసం దీన్ని అవిటిదాన్ని చేస్తే నాకూ ఫ్రిజ్ గాళ్లకూ తేడా ఏమిటి? రెక్కలు ఉబ్బుతున్నాయి, మడతలు విచ్చుకుంటున్నాయి, నలుపులో పసుపు మెరుస్తోంది. ముందుకు ఊగాను. ఊపిరి బిగబట్టాను. నొక్కాను.

"మస్టర్డ్!" పమేలా మూత పారేసి పరుగెత్తింది. మూకుడులో ఆవాలు బొగ్గయ్యాయి.

సోమవారం సాయంత్రం క్లబ్బుకు ఒక్కదాన్నే వెళ్లలేదు. ఏంజెలీనూ పమేలా కూడా వచ్చారు, చర్చి బట్టల్లో. హాలు నిండా జనం, అందరూ వెనక్కి తిరిగి చూశారు. కార్యదర్శి ఐదో ఫొటోను చాలాసేపు చూశాడు. దించలేక దించాడు. "అద్భుతం. కానీ చెయ్యి ఉంది. ప్రకృతి ఫొటోలో మనిషి జోక్యం ఉండకూడదు. నియమం."

"ఫ్రిజ్ మనిషి జోక్యం కాదా?"

"అది ఫొటోలో కనపడదు కదా."

"దాచిపెట్టింది ఒప్పు, కనపడింది తప్పా? ఈ నియమం ఎవరు రాశారు? మేము లోపలికి రాకముందు రాసుకున్నది! ఓటు పెట్టండి. ఇప్పుడే. చేతులెత్తండి!"

అందరికంటే ముందు లేచిన చెయ్యి ఏంజెలీన్‌ది.

"మీరు సభ్యులు కాదమ్మా" అన్నాడు కార్యదర్శి.

"సో? ఎక్కడ సైన్ చేసేది? పెన్ తే."

ఎవరో ఫక్కుమన్నారు. ముందు వరుసలో ఒక ముసలావిడ చెయ్యి ఎత్తింది. ఆ పక్కన ఇంకొకాయన. వెనక నుంచి నాలుగైదు, ఆపై సగం హాలు దాటి చేతులు. కొందరు చేతులు కట్టుకుని బిగుసుకుపోయారు, వాళ్ల ముఖాలు నేను మర్చిపోను. కార్యదర్శి లెక్కపెట్టాడు. మళ్లీ లెక్కపెట్టాడు. తర్వాత పిన్నుల డబ్బా నావైపు జరిపాడు.

ఫొటో గోడ మీదికెక్కింది. జనం మూగారు. పమేలా అందరినీ నెట్టుకుని ముందుకెళ్లి ముక్కు ఆనించి చూసింది.

"ఏంజెలీన్! నీ గోరు చూడు, డిన్నర్ ప్లేట్ సైజ్!"

"షటప్, మా" అంది ఏంజెలీన్ పొంగిపోతూ. "ముందు గోగాని చూడు."